పేగు గోడలో కండరం ముందా, నాడి ముందా?

జువాలజీ_మేడమ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు పిండోత్పత్తి శాస్త్రం బోధిస్తాను. జీర్ణనాళపు లోపలి పొర అంతస్త్వచం (పిండపు లోపలి కణపొర) నుంచి, దాని చుట్టూ ఉండే కండరం మధ్యత్వచం (మధ్య కణపొర) నుంచి వస్తాయని మా పాఠ్యపుస్తకం ఒక అధ్యాయంలో చెబుతుంది. పేగు నాడులు న్యూరల్ క్రెస్ట్ (పిండం వీపు వైపున, మెదడూ వెన్నుపామూ కాబోయే నాడీనాళం అంచున ఉండే కణాలు) నుంచి వస్తాయని ఇంకెక్కడో మరో అధ్యాయంలో ఒక్క వాక్యంతో తేల్చేస్తుంది. ఆ రెండు వాక్యాల మధ్య ఏం జరుగుతుందన్నది ఎక్కడా కనబడదు. మొన్న ఒక విద్యార్థిని లేచి, "కండరం తయారయ్యాక నాడి వచ్చి దాన్ని చేరుతుందా మేడమ్, నాడి వచ్చాకే కండరం తయారవుతుందా?" అని అడిగింది. చేతి కండరాల గురించి అడిగి ఉంటే, వెన్నుపాములో ఉన్న నాడీకణం తన తంతువును పొడిగించుకుంటూ వచ్చి కండరాన్ని చేరుతుందని చెప్పి ఉండేదాన్ని. పేగులో నాడీకణం మొత్తం, కణదేహంతో సహా, గోడలోనే కూర్చుని ఉంటుంది కాబట్టి ఆ సమాధానం ఇక్కడ సరిపోదు.

నా సందేహం ఆ అమరిక గురించి కూడా. గొట్టం చుట్టూ వలయంగా ఉండే వర్తుల కండరానికీ, గొట్టం పొడవునా సాగే అనుదైర్ఘ్య కండరానికీ సరిగ్గా మధ్యలో ఆవర్‌బాక్ నాడీవల ఉంటుంది. ఇంకా లోపలికి వెళ్తే శ్లేష్మపొర కింద మైస్నర్ నాడీవల ఉంటుంది. ఎక్కడో వీపు వైపు పుట్టిన కణాలు ఈ రెండు పొరల మధ్యకే ఎలా వచ్చి చేరుతున్నాయి? కండరం వాటికి చోటు చూపుతున్నదా, లేక అవే కండరానికి హద్దు గీస్తున్నాయా? హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధిలో నాడీసంధులు, అంటే నాడీకణాల గుంపులు, పుట్టుకతోనే లేని భాగం పేగు మధ్యలో ఎక్కడో కాకుండా చివరనే ఎందుకు ఉంటుందో, నాడి లేని ఆ కండరం వదులైపోకుండా బిగుసుకుని ఎందుకు ఉంటుందో కూడా ఎవరైనా వివరిస్తే తరగతిలో చెప్పుకోవడానికి వీలవుతుంది.

కౌజుగుడ్డు

మేడమ్ గారూ, మీ విద్యార్థిని ఒకే ప్రశ్నలో రెండు విషయాలు అడిగింది. ఎవరు ముందు వస్తారన్నది మొదటిది, ఎవరు ఎవరి మీద ఆధారపడతారన్నది రెండోది. మొదటిదానికి సూటి సమాధానం ఉంది. నాడీకణాలుగా మారబోయే పూర్వగామి కణాలే ముందు వస్తాయి. అవి వచ్చేసరికి అక్కడ కండరం అనదగ్గది ఇంకా ఉండదు. అంతస్త్వచపు సన్నటి గొట్టమూ, దాని చుట్టూ మధ్యత్వచం నుంచి వచ్చిన మీసెంకైమ్ కణాల వదులైన పొరా మాత్రమే ఉంటాయి.

మానవ పిండంలో ఈ కణాలు 4వ వారంలో ఆహారవాహిక భాగంలోకి ప్రవేశించి, తల వైపు నుంచి తోక వైపుగా సాగి, 7వ వారానికి పెద్దపేగు చివరిని చేరుకుంటాయి. కండరానికి గుర్తుగా ప్రయోగశాలల్లో చూసే ఆల్ఫా స్మూత్ మజిల్ యాక్టిన్ అనే ప్రొటీన్ ఆహారవాహికలో 8వ వారానికి స్పష్టమైన పట్టీగా కనబడుతుంది, పెద్దపేగు చివర 11వ వారానికి గానీ కనబడదు. అంటే కండరం కూడా తల నుంచి తోకకే పరిణతి చెందుతుంది, కాకపోతే నాడీ పూర్వగాములు దాటిపోయిన కొన్ని వారాల తర్వాత. 14వ వారానికల్లా కండర పొరలు, నాడీవలలు, వాటి మధ్య ఉండి పేగు లయను నడిపే కాహాల్ కణాలు అన్నీ పెద్దవారి పేగులో ఉండే తీరులోనే సర్దుకుని ఉంటాయి.

ఈ కణాలు ఎక్కడి నుంచి వస్తాయో తేలడానికి కోడిపిల్ల పిండాలే సాయపడ్డాయి. మెడ ప్రాంతంలో, మొదటి ఏడు సోమైట్ల (వెన్ను పొడవునా జతలుగా ఉండే కణజాల దిమ్మెల) ఎత్తున, నాడీనాళం మూసుకునే చోట ఉండే న్యూరల్ క్రెస్ట్‌ను తీసేస్తే ఆ పిండపు పేగులో నాడీసంధులు ఏర్పడవని 1954లో ఇంటెమా, హామండ్ చూపించారు. తీసేస్తే లేకుండా పోయాయి కాబట్టి అక్కడి నుంచే వచ్చాయని గట్టిగా అనుకోవచ్చు గానీ, కణం వెళ్తుండగా చూసినట్టు కాదు కదా. ఆ లోటు ఫ్రాన్స్‌లో నికోల్ లె దువారాఁ తీర్చారు. కౌజుపిట్ట కణాల కేంద్రకంలో క్రొమాటిన్ (డీఎన్ఏ ఉండే పదార్థం) ఒకచోట ముద్దగా చేరి ఉంటుంది. కోడి కేంద్రకంలో అది పలుచగా పరుచుకుని ఉంటుంది. ఫ్యూల్గెన్ రంజనం వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఏ కణం కౌజుదో, ఏది కోడిదో విడిగా గుర్తుపట్టవచ్చు. కోడి పిండంలో మెడ దగ్గరి న్యూరల్ క్రెస్ట్ ముక్కను తీసి, అదే చోట కౌజు ముక్కను అతికించి, కొన్ని రోజుల తర్వాత పేగును కోసి చూస్తే నాడీసంధుల్లో కౌజు కేంద్రకాలు ఉన్నాయి. చుట్టూ ఉన్న కండరంలో మాత్రం అన్నీ కోడి కేంద్రకాలే. 1973లో టెయ్యే గారితో కలిసి ఆమె ప్రచురించిన ఈ ఫలితంతో నాడికీ కండరానికీ పుట్టిళ్లు వేరన్న సంగతి సందేహం లేకుండా స్థిరపడింది. మీ తరగతిలో ఒక్క ప్రయోగమే చెప్పే సమయం ఉంటే ఇదే చెప్పండి.

ఇక రెండో విషయం. ఇంత దూరం నడిచి వచ్చే కణాలకు దారి చూపేది, వాటిని బతికించేది, రేపు కండరం కాబోయే ఆ మీసెంకైమే. అది జీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను స్రవిస్తుంది. నాడీ పూర్వగాముల పొర మీద దాన్ని పట్టుకునే రెట్ అనే గ్రాహకం ఉంటుంది. జీడీఎన్ఎఫ్ వాటిని తన వైపు రప్పిస్తుంది, చావకుండా కాపాడుతుంది, విభజన చెందేలా చేస్తుంది. ముందు జీర్ణాశయం దగ్గర, తర్వాత పెద్దపేగు మొదట్లో ఉండే అంధనాళం దగ్గర దీని స్రావం హెచ్చుగా ఉండడం వల్ల కణాల గుంపు ఒక మజిలీ నుంచి మరో మజిలీకి సాగుతుంది. రెట్ జన్యువు లేని చిట్టెలుకల గురించి 1994లోనూ, జీడీఎన్ఎఫ్ లేని చిట్టెలుకల గురించి 1996లోనూ పరిశోధనలు వచ్చాయి. రెండింటిలోనూ జీర్ణాశయం దిగువన పేగంతా నాడీకణాలు లేకుండానే పుట్టాయి. మూత్రపిండాలూ ఏర్పడకపోవడంతో ఆ పిల్లలు పుట్టిన రోజే చనిపోయాయి. కాబట్టి ఇంకా కండరంగా మారని ఆ కణజాలం తన నాడులను తానే పిలిపించుకుంటుందని చెప్పడం తప్పు కాదు.

చివరి భాగమే ఎందుకు ఖాళీ అవుతుందన్న ప్రశ్నకు సమాధానం ఈ నడక తీరులోనే ఉంది. ఈ కణాలన్నీ దాదాపుగా ఒకవైపు నుంచే వస్తాయి, నడుస్తూనే విభజన చెందుతాయి, ముందు వరుసను ముందుకు నెట్టేది ప్రధానంగా వెనకాల పెరుగుతున్న సంఖ్యే. మరోవైపు, అవి నడుస్తున్నంత సేపూ పేగు కూడా పొడవు పెరుగుతూనే ఉంటుంది. కాలువలో వదిలిన నీరు తక్కువైతే మొదట ఎండేది శివారు ఆయకట్టే కదా, ఇదీ అంతే. బయలుదేరిన కణాలు తక్కువైనా, మధ్యలో చచ్చిపోయినా, విభజన నెమ్మదించినా, తొందరపడి నాడీకణాలుగా మారిపోయి నడక ఆపేసినా, లోటు తేలేది పెద్దపేగు చివరే. దీనికి తోడు గడువు ఒకటి ఉంది. వయసు పెరిగేకొద్దీ పెద్దపేగు గోడ ఈ కణాలను లోపలికి రానివ్వడం తగ్గిపోతుందని చిట్టెలుక పిండాల మీద జరిగిన ప్రయోగాలు చూపించాయి. ఆలస్యంగా చేరిన గుంపుకు దారి మూసుకుపోతుందన్నమాట.

దాదాపుగా ఒకవైపు నుంచే అని ఎందుకన్నానంటే, రెండు మినహాయింపులున్నాయి. వెన్ను చివర ఉండే త్రికం దగ్గరి న్యూరల్ క్రెస్ట్ నుంచి కూడా కొన్ని కణాలు కింది నుంచి పైకి వస్తాయి. కోడి పెద్దపేగులో నాడీకణాల్లో అత్యధికంగా 17 శాతం దాకా వీటివేనని 1998లో బర్న్స్, లె దువారాఁ లెక్కగట్టారు. మెడ నుంచి వచ్చేవి రాకపోతే ఆ లోటును ఇవి పూడ్చలేవు. రెండోది అడ్డదారి. చిట్టెలుక పిండంలో ఒక దశలో చిన్నపేగూ పెద్దపేగూ హెయిర్‌పిన్ లాగా మడతపడి పక్కపక్కనే ఉంటాయి. అప్పుడు కొన్ని కణాలు అంధనాళం చుట్టూ తిరిగి పోకుండా, రెంటినీ కలిపే పలుచని మెసెంటరీ పొరను అడ్డంగా దాటి నేరుగా పెద్దపేగులోకి చేరతాయి. జపాన్ శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన ఈ దృశ్యం చూశాక పాఠ్యపుస్తకాల్లోని ఆ ఒక్క బాణం గుర్తు నాకు చాలా వెలితిగా అనిపించింది.

జువాలజీ_మేడమ్

కౌజుగుడ్డు గారూ, ధన్యవాదాలండి. ఒక్కటి మాత్రం ఇంకా తేలలేదు. కణాలు వచ్చేనాటికి పొరలే లేకపోతే, అవి సరిగ్గా రెండు కండర పొరల మధ్యన ఎలా తేలాయి? నాడులు పని మొదలుపెట్టక ముందు ఆ కండరం కదులుతుందా, లేక ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ ఊరికే ఉంటుందా?

మైక్రోటోమ్

పొరల సంగతి నేను చెబుతాను. నాడీవల పొరల మధ్యకు దూరిపోలేదు, పొరలే దానికి ఇరువైపులా వేర్వేరు సమయాల్లో ఏర్పడ్డాయి. కోడి చిన్నపేగులో వర్తుల కండరం సుమారు 8వ రోజుకు స్పష్టమైన పొరగా ఏర్పడుతుంది. అప్పటికే నాడీ పూర్వగాములు దానికి వెలుపలి అంచున ఉంటాయి. వాటికి ఇంకా వెలుపల ఉన్న మీసెంకైమ్ 13వ రోజు ప్రాంతంలో అనుదైర్ఘ్య కండరంగా మారుతుంది. అప్పటిదాకా గోడ వెలుపలి అంచున ఉన్న నాడీవల, కదలకుండానే రెండు పొరల మధ్యది అయిపోతుంది. మానవ పేగులోనూ వర్తుల కండరమే ముందు, అనుదైర్ఘ్య కండరం తర్వాత. మైస్నర్ నాడీవల మాత్రం నిజంగానే ప్రయాణం చేసి ఏర్పడుతుంది. ఆవర్‌బాక్ వల ఏర్పడిన రెండు మూడు వారాలకు కొన్ని కణాలు అక్కడి నుంచి వర్తుల కండరంలో దూరి, లోపలి వైపుకు వచ్చి శ్లేష్మపొర కింద స్థిరపడతాయి.

మరి వర్తుల కండరం లోపలి పొరను ఆనుకుని కాకుండా కొంచెం దూరంగా ఎందుకు ఏర్పడుతుంది? అంతస్త్వచం సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే సంకేత ప్రొటీన్‌ను బయటి వైపు వదులుతుంది. దాని మోతాదు ఎక్కువగా ఉండే దగ్గరి ప్రాంతంలో కండరమూ ఏర్పడదు, నాడీకణాలూ చేరవు; ఆ సంకేతం తగు మాత్రంగా ఉండే దూరంలోనే మీసెంకైమ్ కండరంగా మారుతుంది. ఈ సంకేతమే మీసెంకైమ్‌లో బీఎంపీ4 అనే మరో ప్రొటీన్‌ను కూడా పుట్టిస్తుంది, కండరం హద్దు ఎక్కడో తేల్చడంలో దానికీ భాగముంది. హెడ్జ్‌హాగ్ సంకేతాలు బాగా తగ్గిపోయిన చిట్టెలుకల్లో కండర పొర పలుచబడిపోతుంది. కాబట్టి చోటు చూపించేది ఎవరన్న మీ ప్రశ్నకు నేను కండరమనీ అనను, నాడి అనీ అనను. లోపలి పొర వదిలే సంకేతాన్ని బట్టే ఇద్దరూ తమతమ దూరాన్ని పాటిస్తున్నారు. ఇద్దరు కలిసి పెరిగే కథలో మూడో పాత్రను మరిచిపోవడం చాలా పాఠాల్లో జరిగే పని.

ఇక కదలిక. ఆ కండరం ఆజ్ఞ కోసం ఆగదు. కోడి పిండంలో 6వ రోజు ప్రాంతానికే పేగు ముక్కను తీసి వెచ్చని పోషక ద్రావణంలో ఉంచితే, దాని మీద సంకోచం ఉంగరంగా ఏర్పడి రెండు వైపులకూ నెమ్మదిగా పాకిపోవడం సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. నాడీకణాల విద్యుత్ ప్రచోదనాలను ఆపేసే టెట్రోడోటాక్సిన్‌ను, అంటే ఫ్యుగు చేపలో ఉండే విషాన్ని, ఆ ద్రావణంలో కలిపినా సంకోచాలు ఆగవు. కాల్షియం కణాల్లోకి రాకుండా చేస్తే ఆగిపోతాయి. కండర కణాలు కాల్షియం తరంగాన్ని ఒకదాని నుంచి మరొకటి అందుకుంటూ తమంతట తామే కదులుతున్నాయన్నమాట. చిట్టెలుక పిండంలోనూ ఇంతే. తొలి సంకోచాలు గర్భంలో 13 రోజులు దాటాక కనబడితే, వాటిలో నాడుల ప్రమేయం పుట్టుకకు ఒకటి రెండు రోజుల ముందు గానీ మొదలుకాదు. ఆ మధ్యకాలమంతా నాడీకణాలు గోడలోనే ఉన్నాయి, ఒకదానితో ఒకటి వల కూడా అల్లుకుంటున్నాయి, కానీ కదలికను నడపడం లేదు.

ఈ తొలి కదలికలు ఊరికే వచ్చి పోయేవి కావు. హార్వర్డ్‌లో టాబిన్ ప్రయోగశాల 2019లో ప్రచురించిన పనిలో ఒక అందమైన వరుస కనిపిస్తుంది. పేగు పెరుగుదలలో పొరల మధ్య వచ్చే హెచ్చుతగ్గుల వల్ల గోడలో ఒక స్థిరమైన లాగుడు ఏర్పడుతుంది, ఆ లాగుడు దిశను బట్టి మొదటి పొర కణాలు వలయంగా వరుస తీరుతాయి. అలా ఏర్పడిన వర్తుల కండరం పదేపదే ముడుచుకుని వదులుతుంటే, ఆ లయబద్ధమైన సాగుడును బట్టి రెండో పొర కణాలు పొడవునా వరుస తీరుతాయి. సంకోచాలను ఆపేస్తే రెండో పొర వరుస చెదిరిపోతుంది. మొదటి కండరం తన పనితోనే రెండో కండరాన్ని దిద్దుతోంది. ఇందులో నాడి ఆజ్ఞకు పాత్ర లేదు. కోడి పేగు లోపలి మడతలు కూడా ఈ కండర పొరలు ఒక్కొక్కటీ వచ్చినప్పుడల్లా మారుతాయని అదే ప్రయోగశాల 2013లో చూపించింది: వర్తుల కండరం రాగానే నిలువు గట్లు, అనుదైర్ఘ్య కండరం వచ్చాక ఆ గట్లలో మెలికలు, 16వ రోజుకు లోపలి పలుచని కండర పొర కూడా తోడయ్యాక వేళ్లలా పొడుచుకొచ్చే చూషకాలు.

కాహాల్ కణాల గురించి ఒక మాట. పేగు లయను నడిపే ఈ కణాలు చూడడానికి నాడీకణాల పోలికతో ఉంటాయి కాబట్టి న్యూరల్ క్రెస్ట్ నుంచే వస్తాయని ఒకప్పుడు చాలామంది అనుకునేవారు. 1996లో వచ్చిన పరిశోధనలతో అవి మీసెంకైమ్ నుంచే, అంటే కండరం పుట్టిన చోటు నుంచే వస్తాయని తేలింది. నాడీకణాలు లేని చిట్టెలుకల్లోనూ ఇవి ఏర్పడతాయి, వాటి లయా ఉంటుంది.

పసిపిల్లల_సర్జన్

పై ఇద్దరూ చెప్పినదాన్ని నేను ఆపరేషన్ బల్ల దగ్గర చూస్తుంటాను, అందుకే మేడమ్ గారి చివరి ప్రశ్నకు నేను సమాధానం రాస్తున్నాను. హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి సుమారు 5,000 కాన్పుల్లో ఒకరికి వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ. నెలలు నిండి పుట్టిన బిడ్డ మొదటి నల్లటి విరేచనాన్ని సాధారణంగా ఒక రోజులోపే, ఆలస్యమైతే రెండు రోజుల్లోపు చేస్తుంది. అలా చేయకుండా పొట్ట ఉబ్బి, ఆకుపచ్చగా వాంతులు చేసుకునే పసిబిడ్డ వస్తే మేం ముందుగా అనుమానించేవాటిలో ఇది ఒకటి.

కడుపు తెరిచి చూస్తే పేగు రెండు రకాలుగా ఉంటుంది. పైభాగం బాగా ఉబ్బి, గోడ మందంగా ఉంటుంది. కిందిభాగం, ఎక్కువమందిలో పురీషనాళమూ దానికి పైనున్న సిగ్మాయిడ్ భాగమూ, సన్నగా ఉంటుంది. ఎవరికైనా చూడగానే ఉబ్బిన భాగమే జబ్బు పడిందనిపిస్తుంది. కోపెన్‌హాగెన్ వైద్యుడు హెరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ 1886లో ఈ వ్యాధిని వివరించినప్పుడు ఆయన దృష్టి కూడా ఆ ఉబ్బిన భాగం మీదే నిలిచింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు శస్త్రవైద్యులు దాన్నే కోసి తీసేస్తూ వచ్చారు, వ్యాధి మాత్రం తిరగబెడుతూనే ఉండేది. నిజానికి ఉబ్బిన భాగం ఆరోగ్యమైనది, దారి తెరుచుకోని చోట సరుకును తోయడానికి శ్రమపడి అలా అయ్యింది. సన్నగా, చూడడానికి బాగానే ఉన్నట్టు కనిపించే కిందిభాగంలోనే నాడీసంధులు ఉండవు. 1948లో స్వెన్సన్ ఆ సన్నటి భాగాన్ని తీసేసి పైనున్న మంచి పేగును కిందికి లాగి కలిపే శస్త్రచికిత్సను ప్రచురించాకే ఈ పిల్లలు నిలదొక్కుకోవడం మొదలైంది.

నాడి లేకపోతే కండరం వదులుగా వేలాడాలి కదా అన్న సందేహం సహజమే, చేతి కండరంలో అయితే అలాగే జరుగుతుంది. పేగు కండరం మాత్రం, మైక్రోటోమ్ గారు చెప్పినట్టు, ఎవరూ చెప్పకుండానే ముడుచుకోగలదు. పేగులోని నాడీవల చేసే అతి ముఖ్యమైన పనుల్లో ఒకటి దాన్ని వదులు చేయడం. ఆహారం ఉన్న చోటుకు వెనుక వైపు కండరం ముడుచుకుని, ముందు వైపు కండరం వదులైతేనే అది ముందుకు కదులుతుందని బేలిస్, స్టార్లింగ్ 1899లోనే చూపించారు. ఆ వదులు చేసే ఆజ్ఞను ప్రధానంగా నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేసే నాడీకణాలు ఇస్తాయి. నాడీసంధులు లేని భాగంలో ఆ కణాలు ఉండవు. బయటి నుంచి వచ్చే నాడీతంతువులు మాత్రం లావెక్కి మరీ కనిపిస్తాయి. కండరానికి ముడుచుకోవడం తెలుసు, వదలమని చెప్పేవారు లేరు. ఇక్కడ కండరం తయారీలో లోపం కాదు, దాని మీద అదుపు లేకపోవడమే జబ్బు.

రోగనిర్ధారణకు పురీషనాళం గోడ నుంచి చిన్న ముక్క తీసి పంపుతాం. శ్లేష్మపొర కిందిభాగం కూడా అందులోకి వచ్చేలా తీయాలి, లేకపోతే మైస్నర్ వల ఉందో లేదో పాథాలజిస్టు చెప్పలేరు. ఆపరేషన్ జరుగుతుండగానే పైపైకి వెళ్తూ ముక్కలు తీసి అప్పటికప్పుడు గడ్డకట్టించి చూపిస్తాం. లేనిచోటు నుంచి ఉన్నచోటుకు మార్పు ఒక గీత గీసినట్టు ఉండదు. కొద్ది సెంటీమీటర్ల మేర నాడీకణాలు పలుచగా, చుట్టుకొలతలో ఒక వైపు ఉండి మరోవైపు లేకుండా ఉంటాయి. కౌజుగుడ్డు గారు చెప్పిన ఆ నడక ఏడో వారంలో ఎక్కడ ఆగిపోయిందో, దాని అంచు మాకు ఆ ముక్కల్లో అలా కనబడుతుంది. అందుకే మార్పు మొదలైన చోట కాకుండా, బాగా ఉన్న చోటు దాకా వెళ్లి కలపాల్సి ఉంటుంది.

మీ విద్యార్థులకు ఇంకో సంగతి కూడా ఆసక్తిగా ఉంటుంది. నుదుటి మీద తెల్ల జుట్టు పాయ, కనుపాప రంగులో తేడా, దాంతోపాటు పేగులో నాడీసంధులు లేకపోవడం కలిసి ఉన్న పసిపిల్లలను గురించి 1981లో బొంబాయి వైద్యుడు షా, ఆయన సహచరులు రాశారు. ఆ స్థితికి షా-వార్డెన్‌బర్గ్ అన్న పేరు ఉంది. జుట్టుకూ పేగుకూ సంబంధం ఏమిటంటే, చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్లు కూడా న్యూరల్ క్రెస్ట్ నుంచే వస్తాయి, రెండు రకాల కణాలకూ ఎండోథెలిన్-3 అనే సంకేతం అవసరం. పేగులో ఈ సంకేతం పూర్వగాములను తొందరపడి నాడీకణాలుగా మారనివ్వకుండా ఆపి, నడక కొనసాగేలా చూస్తుంది. ఒక జాతి మచ్చల గుర్రాల్లో, ఈ సంకేతాన్ని అందుకునే గ్రాహకపు జన్యువులో లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే, పిల్ల పూర్తిగా తెల్లగా పుట్టి, పేగు కదలక కొద్ది రోజుల్లోనే చనిపోతుంది.

కౌజుగుడ్డు

సర్జన్ గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే ఒక్కచోట కొంచెం విభేదిస్తాను. కండరం తయారీకి నాడితో పనే లేదన్న అర్థం వచ్చేలా చర్చ సాగుతోంది. రెట్ లేని చిట్టెలుకల్లో కండర పొరలు ఏర్పడతాయి, నిజమే. కానీ ఏర్పడడం వేరు, సరిగ్గా పరిణతి చెందడం వేరు. ఫ్రాన్స్‌లోని మోంపెలియెలో ఫోర్, డి శాంతా బార్బారా ప్రభృతులు 2015లో ప్రచురించిన ప్రయోగంలో, కోడి జీర్ణాశయంలోకి న్యూరల్ క్రెస్ట్ కణాలు రాకుండా చేస్తే అక్కడి మీసెంకైమ్ నాచ్ అనే సంకేతం ప్రభావంలోనే ఉండిపోయి, నునుపు కండరంగా పరిణతి చెందడం దెబ్బతింది. నాడీ పూర్వగాములు ఇంకా నాడీకణాలు కాకముందే, ఏ ఆజ్ఞా ఇవ్వకముందే, తమ ఉనికితోనే చుట్టూ ఉన్న కణజాలాన్ని ప్రభావితం చేస్తున్నాయని దాని అర్థం. ఎదురు దిశలో, మీసెంకైమ్ నుంచి వచ్చే బీఎంపీ సంకేతాలు నాడీకణాలు గుంపులుగా చేరి నాడీసంధులు కావడానికి తోడ్పడతాయి. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా ఉంది.

మైక్రోటోమ్

ఆ ప్రయోగం నాకు తెలుసు, దాని విలువనూ కాదనను. అయితే అది జీర్ణాశయం. అక్కడి కండరం మందమూ ఆకారమూ వేరు, కోడికి అది తర్వాత కందనకాయ అవుతుంది. అక్కడ కనిపించినదాన్ని చిన్నపేగుకూ పెద్దపేగుకూ అలాగే వర్తింపజేయడానికి నేను ఇంకా సిద్ధంగా లేను. సర్జన్ గారు తీసే సన్నటి పేగు ముక్కల్లో రెండు కండర పొరలూ వాటి వాటి చోట్ల ఉంటున్నాయి కదా.

కౌజుగుడ్డు

ఉంటాయి, ఒప్పుకున్నాను. అందుకే పేగు భాగాన్ని బట్టి తేడా ఉందనే నేనూ అనుకుంటున్నాను. దీన్ని మనుషుల కణాల మీదే పరీక్షించే మార్గం ఇప్పుడు వచ్చింది. మూలకణాల నుంచి పెంచే చిన్నపాటి పేగు ఆర్గనాయిడ్లు తొలినాళ్లలో నాడులు లేకుండానే ఉండేవి. అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రి పరిశోధకులు 2017లో వాటికి విడిగా పెంచిన న్యూరల్ క్రెస్ట్ కణాలను కలిపి, నాడీకణాలు కండరాన్ని కదిలించే పేగు కణజాలాన్ని తయారుచేశారు. 2022లో అదే ఆసుపత్రి నుంచి వచ్చిన పనిలో లోపలి పొర, మీసెంకైమ్, న్యూరల్ క్రెస్ట్ మూడింటినీ వేరువేరుగా పెంచి, కావలసినట్టు కలిపి జీర్ణాశయ కణజాలం చేశారు. న్యూరల్ క్రెస్ట్ కణాలను కలిపినప్పుడు నునుపు కండరం పొరలుగా అమరింది, గ్రంథులు కూడా బాగా ఏర్పడ్డాయి. వాటిని వదిలేసినప్పుడు మీసెంకైమ్ ఉన్నా ఆ అమరిక సరిగ్గా రాలేదు. ఇదీ జీర్ణాశయమే కాబట్టి మైక్రోటోమ్ గారి అభ్యంతరం ఇంకా నిలిచే ఉంది. మేడమ్ గారు తరగతిలో చెప్పేటప్పుడు మాత్రం, కండరం నాడి లేకుండా పుట్టగలదనీ, కదలగలదనీ, అన్నిచోట్లా సరిగ్గా పరిణతి చెందుతుందో లేదో ఇంకా తేలుతోందనీ చెబితే సరిపోతుందని నా అభిప్రాయం.